పుట్టమన్ను బీరువా

"పుట్టను ముట్టుకోము. జోగమ్మ గుడిసెకూ పుట్టకూ చుట్టూ పది గజాలు వదిలి రోడ్డు వేస్తాము. ఇది నా హామీ."

కింద సంతకం, కె. అర్జునరావు. తేదీ, 2 అక్టోబరు 1985. గాంధీ జయంతి నాడు సంతకం పెడితే మాటకు బరువుంటుందని ఆయనే అన్నాడు. ఆ మూడు వాక్యాలూ రాసి ఆయన ముందు పెట్టింది నేను. వాటిని నమ్మిందీ నేనే.

నా పేరు నీలకంఠం. కూర్మన్నపాలెంలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మిగిలిన పొద్దంతా యువ చైతన్య వేదిక పని. వేదిక అంటే ఏడుగురు మనుషులు, ఒక సైక్లోస్టైల్ మిషను, గోడల మీద ఎర్ర రంగుతో రాసిన కొన్ని మాటలు. 'ప్రశ్నించనివాడు బానిస' అని జంక్షన్ గోడ మీద రాసింది నేను. ఎక్కడ చదివానో గుర్తులేదు. రాసేటప్పుడు మాత్రం నా మాటే అనిపించింది.

అర్జునరావు జీడితోటలు కొని లేఅవుటు వేశాడు. బ్లూప్రింటులో నలభై అడుగుల మెయిన్ రోడ్డు గీశాడు. ఆ గీత సరిగ్గా ఒక పుట్ట మీదుగా పోయింది. నిలువెత్తుకు మించిన పుట్ట. దానికి ఆనించి తాటాకు గుడిసె. గుడిసెకు మూడే గోడలు, నాలుగోది పుట్టే. అందులో జోగమ్మ ఒక్కర్తే ఉండేది. అరవై దాటిన మనిషి. రాత్రీ పగలూ కాపలా కాసి కళ్ళు గుంటలు పడిపోయాయి.

సంతకం పెట్టిన కాగితం తీసుకుని వెళ్ళి ఆమెకు చదివి వినిపించాను.

"సదవడం నీకొచ్చు బాబూ," అంది. "నాను ఒక్క పూట కన్ను మూత్తే ఆడు మిసను తెచ్చీగలడు."

"సంతకం పెట్టాడమ్మా."

"సంతకం పెడితే సెయ్యి కట్టీసినట్టేటి?"

"నాది పూచీ. మధ్యాహ్నం పూట హాయిగా పడుకో. కాపలా అక్కర్లేదు."

ఆ తర్వాత నుంచి మధ్యాహ్నాలు పడుకోవడం మొదలుపెట్టింది. పుట్టవైపు తల పెట్టుకుని పడుకునేది.

అక్టోబరు 21, సోమవారం, మధ్యాహ్నం రెండున్నర. నేను క్లాసులో వర్గ సమీకరణాలు చెబుతున్నాను. కబురు తెలిసి పరుగెత్తి వెళ్ళేసరికి అక్కడ చదునైన ఎర్రటి నేల ఉంది. పుట్ట లేదు, గుడిసె లేదు. బుల్‌డోజరు ఇంజను ఇంకా వేడిగా ఉంది. మట్టి పక్కకు గుట్టగా తోసి ఉంది.

"ముసిలమ్మేది?" అనడిగాను.

"పొద్దున్నే పరవాడ ఎల్లిపోనాది, కూతురింటికి," అన్నాడు సూపర్‌వైజరు. "మూట కట్టుకుని, నవ్వుకుంటూనే ఎల్నాది."

నమ్మాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నమ్మితే నాకు తేలిక. అందుకే నమ్మాను.

గుట్ట అవతల కూలీలు కర్రలు పట్టుకుని వలయంగా నిలబడ్డారు. మధ్యలో రెండు పాములు. పసుపు కలిసిన గోధుమ రంగు, ఒక్కొక్కటీ ఆరడుగులు. జెర్రిపోతులు. విషం లేనివి. నేను కూలీలను తోసుకుని వెళ్ళి వాటి మీద గోనెసంచి వేసి లోపలికి పట్టాను. అప్పుడే జీపు దిగాడు అర్జునరావు.

"అది ఎండిపోయిన పుట్ట మాస్టారూ," అన్నాడు చల్లగా. "అందులో ప్రాణి లేదు. అందుకే తీయించాం. పది గజాలు వదులుతామన్నది బతికున్న పుట్టకి."

సంచి నా చేతిలో కదులుతోంది. అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ రెంటినీ బతికిస్తాను. నవంబరు 16, నాగులచవితి నాడు జంక్షన్లో మీటింగు పెట్టి జనానికి చూపిస్తాను. ఇవి నిర్వాసితులు, ఇవే సాక్షులు అంటాను. పాలు పోసి, ఇవి తాగవని కూడా అక్కడే రుజువు చేస్తాను. దోపిడీనీ మూఢనమ్మకాన్నీ ఒకే వేదిక మీద ఎండగట్టినట్టవుతుంది. ఆ ఆలోచనకు నేనే మురిసిపోయాను.

పాముల్ని పెంచడం నాకు కొత్త. పబ్లిక్ లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేశాను. గాలి ఆడే పెట్టె కావాలి. దాక్కోవడానికి చోటు, నీళ్ళు, వెచ్చదనం కావాలి. కింద పొడి మట్టి పరవాలి. గాలి ఆడే పెట్టె అనగానే పాతనగరంలో జిలానీ బాషా గారు చేసే జాలీ బీరువాలు గుర్తొచ్చాయి. పాలూ పెరుగూ పెట్టుకునేవి, నాలుగు పక్కలా ఇనప జాలీ, నాలుగు కాళ్ళ కిందా చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెలు. కురుపాం మార్కెట్ వెనక సందులో ఆయన దుకాణం.

"ఎన్ని అరలు?" అన్నాడు నోట్లో మేకులు పెట్టుకునే.

"అరలు వద్దు భాయ్. లోపలంతా ఖాళీగా ఉండాలి."

"అర లేకపోతే పెరుగెక్కడ పెడతావు బేటా?"

"పెరుగుకి కాదు. పాములకి."

మేకులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి డబ్బాలో వేశాడు. "ఎన్ని?"

"రెండు."

"ఆలుమగలా?"

"తెలీదు."

"కాపురం పెట్టిస్తూ సంబంధం తెలీదంటావేం." ఆయన నవ్వి, జాలీ చుట్ట ముందుకు లాగాడు. "రెండు వరసలు కొడతాను. తలుపు పక్కకి వద్దు, పైకి తెరుచుకోవాలి. పక్కకి తెరిస్తే నీకంటే అదే ముందు బయటికొస్తుంది. చీమనీ పిల్లినీ ఆపుతానని చెప్పగలను. పాముకి మాత్రం హామీ ఇవ్వను."

"హామీలు ఇచ్చేవాళ్ళని చూసే వచ్చాను భాయ్. మీరు ఇవ్వకపోవడమే మంచిది."

మూడో రోజు రిక్షాలో బీరువా వచ్చింది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. అడుగున జింకు రేకు. టేకు వాసన, కొత్త ఇనుము వాసన. ముందువైపు గదిలో కిటికీ కింద పెట్టి, కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు పోశాను. కుండ పగలగొట్టి సగం చెక్క బోర్లించాను, అవి దాక్కోవడానికి. తుమ్మకొమ్మ ఒకటి ఏటవాలుగా నిలబెట్టాను. మూల నలభై క్యాండిల్ బల్బు వేలాడదీశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇక మట్టి ఒక్కటే కావాలి.

అక్కడ చేశాను తప్పు.

మా వైపు నాగులచవితికి పుట్ట దగ్గర చిటికెడు మన్ను తీసి చెవులకు రాసుకుంటారు. అంతే. పుట్టమన్ను బస్తాలకెత్తి ఎవరూ ఇంటికి తెచ్చుకోరు. నేను తెచ్చాను. చెదలు నమిలి ఉమ్మిన మట్టి మెత్తగా, రాయి లేకుండా, పొడిగా ఉంటుంది. పాముకు అంతకంటే మంచి పరుపు లేదు. ఇది శాస్త్రం. పైగా ఆ మట్టే కావాలి, ఎందుకంటే అది సాక్ష్యం. లేఅవుటులో రోడ్డు పక్క గుట్ట నుంచి రెండు బస్తాలు నింపుకొచ్చాం, నేనూ గవర్రాజూ. గవర్రాజు నా గదిలోనే ఉంటాడు. ఫ్యాక్టరీ కట్టుబడిలో వెల్డరు. వరస కలవకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు.

"ఆ మట్టే కావాలేటి బావా?" అన్నాడు బస్తా కుట్టేటప్పుడు. "ఎర్రమట్టి మన దొడ్లో నేదా?"

"ఏం, భయమా?"

"భయం కాదు. తడిగుందిది. వారం నుంచీ వాన నేదు గదా."

నిజమే. చేతిలోకి తీసుకుంటే చల్లగా, జిగటగా అంటుకుంది. గోళ్ళ సందుల్లోకి పోయింది. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. అన్నం తినేటప్పుడు చేతికి వాసన వచ్చింది, దుప్పటి కప్పుకుని చాలా రోజులు మంచాన పడ్డ మనిషి దగ్గర వచ్చే వాసన. ఆ పూట అన్నం వదిలేశాను.

"పేరేమో నీలకంఠం," అన్నాడు గవర్రాజు కంచం తీస్తూ. "మెళ్ళో ఏసుకోవాల్సినవాటికి బీరువా కొన్నావు."

అప్పటిదాకా గోనెసంచిలోనే ఉంచిన పాముల్ని బీరువాలోకి వదిలాం. కొత్త ఇంట్లోకి వెళ్ళిన పాము ముందు నేల వెతుక్కుంటుందని, కుండపెంకు కింద దూరుతుందని చదివాను. ఇవి దూరలేదు. మట్టికి తగిలిన క్షణమే పొట్టలు ఎత్తి, తుమ్మకొమ్మ మీదుగా పైకి పాకాయి. పైకప్పు జాలీకి ఆనుకుని ఒకదానికొకటి మెలిపడి వేలాడాయి. రెండు తలలూ మట్టికి ఎడంగా, పైకి.

మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. నీళ్ళకు కూడా దిగలేదు.

నేను చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను: 'కొత్త చోటు కనక బెదురు. నాలుగైదు రోజుల్లో అలవాటు పడతాయి.' చెరువు గట్టు నుంచి కప్పలు తెచ్చి వేశాను. పెద్ద పాము ఒక కప్పను, కిందకు దిగకుండానే తల వేలాడేసి అందుకుంది. మింగింది. ఆ సాయంత్రమే కక్కేసింది. సగం అరిగిన కప్ప, కాళ్ళు చాచి, బంకలో మునిగి, మట్టి మీద పడి ఉంది. ఒకటే కంపు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పట్టుకారుతో తీసి పారేద్దామని తలుపు ఎత్తాను.

కప్ప లేదు. బంక తడి మాత్రం ఉంది. మట్టి మీద చిన్న పల్లం, వేలితో నొక్కినట్టు.

పాములు పైనే ఉన్నాయి.

నోటుబుక్కులో ఏమీ రాయలేదు ఆ రోజు.

తర్వాత వేసిన కప్పల్ని పాములు ముట్టుకోలేదు. అయినా తెల్లారేసరికి కప్పలు ఉండేవి కావు. కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళ మీద జిడ్డు తేలడం మొదలైంది, తలంటుకున్న నీళ్ళ మీద తేలినట్టు. రోజూ మార్చేవాణ్ణి. రోజూ తేలేది. మట్టిలో తెల్లటి పీచు కనిపించింది. వేర్లనుకుని కర్రతో చుట్టి లాగాను. వేర్లు కావు. నెరిసిన వెంట్రుకలు. కర్రకు చుట్టుకుని ఎంతకీ తెగకుండా వచ్చాయి.

"ఎవరో దువ్వుకుని పారేసుంటారు," అన్నాను.

ఆ రోజు నుంచి గవర్రాజు తన మంచం వెనక గదిలో వేసుకున్నాడు.

నవంబరు 2న గంగాలమ్మ వచ్చింది. జోగమ్మ కూతురు. పరవాడ దగ్గర పల్లె. గుమ్మం దగ్గరే నిలబడింది, చేతిలో కూరగాయల సంచి.

"మా యమ్మ నీకాడుందా బాబూ?"

నాకు అర్థం కాలేదు. "మీ ఇంటికి వచ్చింది కదా. ఇరవై ఒకటో తారీకున."

"రానేదు. గుడిసి తీసీసినారని నిన్న సంతలో తెలిసింది. సుట్టాలందర్నీ అడిగినాను. ఎక్కడా నేదు." సంచి కింద పెట్టింది. "సంతకం పెట్టించినావంట గదా నువ్వు. నీకాడే ఉంటాదనుకున్నాను."

ఇద్దరం పోలీస్ స్టేషనుకు వెళ్ళాం. కాగితం తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. అక్కణ్ణుంచి అర్జునరావు ఆఫీసుకు వెళ్ళాం. ఆయన గంగాలమ్మకు కుర్చీ వేయించాడు, గోల్డ్‌స్పాట్ సీసా తెప్పించాడు.

"ముసలివాళ్ళకి కాలు నిలవదమ్మా," అన్నాడు. "సింహాచలం మెట్ల మీద చూడు. అన్నవరం చూడు."

"బుల్‌డోజరు వచ్చినప్పుడు ఆమె లోపల పడుకుని ఉందా?" అన్నాను.

"మా వాళ్ళు పిలిచే తోశారు."

"ఎన్నిసార్లు పిలిచారు?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "మాస్టారూ, మీ పాములెలా ఉన్నాయి?"

మేం బయటికొచ్చేసరికి పుట్ట ఉన్న చోట కంకర పరిచి రోలరు తిప్పుతున్నారు. మర్నాడు తారు పడింది.

తర్వాత వారం నేను సరిగా తినలేదు. మధ్యాహ్నం పూట హాయిగా పడుకో అన్న నా గొంతు నాకే వినిపించేది. ఎవరి పక్షాన నిలబడ్డానని ఊరంతా చాటుకున్నానో ఆమెకే జోలపాడి పడుకోబెట్టాను. ఇంకేం పక్షం. గంగాలమ్మ రెండ్రోజులకొకసారి పరవాడ నుంచి బస్సెక్కి వచ్చేది. వచ్చి, తారురోడ్డు అంచున కూచుని, వెళ్ళిపోయేది. ఏడ్చేది కాదు. "సచ్చిపోనాదో బతికుందో ఒక్కటి తెలిస్తే సాలు," అనేది. "బతికుంటే ఇంటికి తీసికెల్తాను. నేకపోతే పన్నెండో రోజు సేస్తాను. ఏదీ కాకుండా నానేటి సెయ్యాలి?"

ఆ ప్రశ్నకు జవాబు తేవడం ఒక్కటే నా పని అనుకున్నాను. ఇప్పటికీ అంతే.

నవంబరు 9, శనివారం. బంగాళాఖాతంలో వాయుగుండం. పొద్దుటినుంచీ ఈదురుగాలి. మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టే వేళలా చీకటి కమ్మింది. కరెంటు పోయింది. బీరువాలో బల్బు ఆరింది. నేను కిటికీ రెక్క మూసి, హరికేన్ లాంతరు వెలిగించి, పేపర్లు దిద్దుతున్నాను. గవర్రాజు వెనక గదిలో నిద్రపోతున్నాడు. గంగాలమ్మ బస్సు దొరక్క ముందు వరండాలో తడుస్తూ నిలబడితే లోపలికి పిలిచాను. మూల పీట వేసుకుని, కొంగు పిండుకుంటూ కూచుంది.

ముందు వాసన వచ్చింది. పచ్చి మాంసం వాసన కాదు, కుళ్ళు కాదు. వెచ్చటి వాసన. ఒళ్ళు మాగిన వాసన. పసిపిల్ల మెడ ముడతల్లో పాలు చేరితే వస్తుందే, అది, దానికి పది రెట్లు. వాన గాలిని కూడా తోసుకుని వచ్చింది. నాలుక మీద కూచుంది. ఉమ్మేసినా పోలేదు.

తర్వాత శబ్దం.

మెల్లగా, తడి గుడ్డను రాతి మీంచి లాగుతున్నట్టు. ఆగింది. మళ్ళీ మొదలైంది.

"పాము కుబుసం విడుస్తోంది," అన్నాను గంగాలమ్మతో. నిజంగానే సంతోషం కలిగింది. కుబుసం విడిచిందంటే బతుకుతుందన్నమాట. లాంతరు పట్టుకుని బీరువా దగ్గరకు వెళ్ళాను.

పాములు రెండూ పైనే ఉన్నాయి. మెలిపడి, బిగుసుకుని. వాటి పొట్టలు వణుకుతున్నాయి. పాము వణకడం నేనెప్పుడూ చూడలేదు.

శబ్దం కింద నుంచి.

కుండపెంకు కదిలింది. మట్టి కొద్దిగా లేచింది... అణిగింది... లేచింది. ఊపిరి పీల్చినట్టు. తర్వాత అంతా ఆగిపోయింది. వాన శబ్దం కూడా ఆగినట్టే అనిపించింది.

పెంకు అంచున, మట్టి మీద, తెల్లగా ఏదో పొర.

తలుపు ఎత్తాను. పట్టుకారు లోపలికి పెట్టాను. నా చెయ్యి మట్టికి తగలకుండా, ఎంత వీలైతే అంత ఎత్తుగా పట్టుకున్నాను. పొర పట్టుకారుకు చిక్కింది. లాగితే వచ్చింది. తడిగా, పల్చగా, ఉల్లిపొరలా. మూరెడు పొడవు. పాము కుబుసం మొదట్నుంచీ చివరిదాకా ఒకే గొట్టంలా ఉంటుంది. ఇది గొట్టమే. కానీ చివర...

చివర అయిదు పాయలు.

లాంతరు బల్ల మీద పెట్టాను. పొరను పేపరు మీద పరిచాను. కుబుసం ఎప్పుడూ లోపలి పక్క బయటికి తిరిగి వస్తుంది, మేజోడు విప్పినట్టు. ఇదీ తిరగబడే ఉంది. అయిదు వేళ్ళు. ఒక్కో వేలి చివరా గోరు చోట గట్టి రేకు. మణికట్టు దగ్గర ముడతలు. మోచేతి కింద నీలం రంగు గీతలు, అక్షరాల్లా ఉన్నాయి గానీ చదవడానికి రావు. తిరగబడ్డ అక్షరాలు.



గంగాలమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో. నా భుజం పక్కన నిలబడింది.

"అద్దం ఉందా?" అంది. గుసగుసగా.

గడ్డం గీసుకునే అద్దం ఇచ్చాను. అక్షరాల పక్కన నిలబెట్టింది. లాంతరు వెలుగులో అద్దంలో నీలంగా మూడక్షరాలు. అప్పన్న.

"మా యయ్య పేరు," అంది. "పెళ్ళికి పొడిపించుకున్నాది. కుడిసెయ్యి."

పచ్చబొట్టు చర్మం లోపలి పొరలో ఉంటుంది. పైన రాలిపోయే పొరలో రాదు. రాకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. ఆ క్షణంలో కూడా తెలుసు. తెలిసినందువల్ల ఏమీ తేలిక కాలేదు.

"గవర్రాజూ," అన్నాను. వాన హోరులో వెనక గదికి వినపడలేదు.

బీరువాలో మళ్ళీ... మట్టి...

బీరువా తలుపు తెరిచే ఉంది. మూయడానికి చెయ్యి చాచాను. పాములు రెండూ ఒక్కసారిగా మెలి విడిపోయాయి. నా చేతి మీదుగా, చల్లగా, బరువుగా, ఒకదాని వెనక ఒకటి పాకి నేల మీద పడ్డాయి. మా ఇద్దరివైపూ చూడలేదు. గది తలుపు కింద సందులోంచి వానలోకి పోయాయి. పారిపోయాయి. నా సాక్షులు.

గంగాలమ్మ కదల్లేదు. బీరువాలోకి వంగింది.

"అమ్మా," అంది మెల్లగా. "అమ్మా, నానే."

మట్టి అణిగింది. అంతే. ఇంకేం జరగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది, ఎవరో విని ఊరుకున్నట్టు.

మర్నాడు పగటి వెలుగులో, నేనూ గవర్రాజూ గడప దగ్గర గోనె పరిచి ఆ మట్టంతా ఎత్తిపోశాం. జింకు రేకు కనిపించేదాకా. నాలుగంగుళాల మట్టి, అంతే. ఎముక లేదు, గుడ్డ లేదు, పురుగు కూడా లేదు. జల్లెడ పట్టాం. వెంట్రుకలు తప్ప ఏమీ రాలేదు. గవర్రాజు దాన్ని గెడ్డ నీళ్ళలో కలిపేద్దామన్నాడు. గంగాలమ్మ ఒప్పుకోలేదు.

"ఆడి మీద సాక్ష్యం కావాలన్నావు గదా నువ్వు," అంది నాతో. "ఉండనీ."

తిరిగి పోశాం.

కుబుసాన్ని కింగ్ జార్జి ఆసుపత్రి దగ్గర హాస్టల్లో ఉండే స్నేహితుడికి చూపించాను, మెడిసిన్ మూడో సంవత్సరం. మైక్రోస్కోపు కింద చూసి, చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చాడు.

"మనిషి చర్మమే. పైపొర. ఎక్కడిదిది?"

"శవానిదా?"

"కాదు. శవం చర్మం ఇలా రాదు. కుళ్ళు లేదు. కింద కొత్త చర్మం పెరిగి పాతదాన్ని తోసేస్తే వచ్చినట్టుంది." తువ్వాలుతో వేలు వేలు తుడుచుకున్నాడు. "బతికున్న ఒంటిది నీలకంఠం. రెండ్రోజులకు మించి కాలేదు. ఇంకోసారి నా దగ్గరకి తేకు."

చవితి మీటింగు జరగలేదు. చూపించడానికి పాములు లేవు. చూపించడానికి ఉన్నదాన్ని నేను చూపించలేకపోయాను. జంక్షన్ గోడ మీద నా రాతను చూస్తూ నిలబడ్డాను ఆ రోజు. ప్రశ్నించనివాడు బానిస. ప్రశ్న నా దగ్గరుంది. ముక్కలు ముక్కలుగా వస్తోంది.

ఎడమ పాదం వచ్చింది, మడమ పగుళ్ళతో. తర్వాత వీపు, మెడ నుంచి నడుము దాకా, ముడతలు ముడతలుగా, చాపలా చుట్టుకుని. తర్వాత ఎడమ చెయ్యి. వచ్చే ముందు ఆ వాసన. ఇంట్లో నీళ్ళు తాగినా ఆ వాసనే. గవర్రాజు గది ఖాళీ చేసి కంపెనీ షెడ్డులోకి వెళ్ళిపోయాడు. తప్పుపట్టను. గంగాలమ్మ మాత్రం వస్తుంది. ఒక్కొక్కటీ రెండు చేతులతో తీసి, పాత చీరలో మడతపెట్టి, పక్కన పెట్టుకుంటుంది. పరవాడలో ఇంట్లో పెట్టిందట, తల్లి పెట్టెలో. పన్నెండో రోజు చెయ్యాలా వద్దా అని ఇప్పుడు అడగడం లేదు. మాసిన బట్టలు విప్పేసినట్టుందని మాత్రం ఒకసారి అంది. విప్పేసి ఏం కట్టుకుంటుందో అని నేను అనుకున్నాను. పైకి అనలేదు.

ముఖం ఇంకా రాలేదు.

కథగా చదివి మర్చిపోయేవాళ్ళు చదవండి. నేను రాస్తున్నది ఒక్క మనిషి కోసం.

అర్జునరావు గారూ, మీ సంతకం నా దగ్గరుంది. మీరు పుట్టను తోశారు, పుట్టనానుకుని పడుకున్న మనిషిని తోశారు, మీద కంకర, దాని మీద తారు. అబద్ధమంటే నా మీద కేసు పెట్టండి, సంతోషంగా వస్తాను. ఆమెను పడుకోమన్నది నేను. ఆ నేరం ఒప్పుకుంటున్నాను. మీ నేరం మీరు ఒప్పుకోండి. ఆ రోడ్డు తవ్వించండి. కూతురు ఎదురుగా, పగటిపూట, మనుషుల చేతుల్తో, పారలతో. బుల్‌డోజరు వద్దు.

ఎందుకు తొందరపెడుతున్నానో కూడా చెబుతాను. మీ లేఅవుటులో మొదటి గృహప్రవేశం డిసెంబరు 15, ఆదివారం అని కార్డులు పంచారు. ఆ ఇంటి గుమ్మం సరిగ్గా ఆ చోటికే ఎదురుగా ఉంది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని విన్నాను.

నిన్న పొద్దున బీరువాలో మళ్ళీ కుడి చెయ్యి వచ్చింది. అదే పచ్చబొట్టు. కానీ ముడతలు లేవు. నునుపుగా ఉంది. అరచేతిలో గీతలు లేవు. అక్షరాలు సాగిపోయి, ఒకదానికొకటి దూరంగా జరిగాయి. కొలబద్ద పెట్టి కొలిచాను. నడిమి వేలు మొదటిదాని కంటే జానెడు పొడవుంది.

నాకు జవాబు 1985 డిసెంబరు 14, శనివారం, సాయంత్రం ఐదు గంటల్లోగా కావాలి.